యూట్యూబ్‌లో పెట్టిన పాటకు కాపీరైట్ క్లెయిమ్ వస్తే: విజయనగరం, శ్రీకాకుళం కళాకారులకూ స్టూడియోలకూ ఒక మార్గదర్శి

క్లెయిమ్ మెయిలు వచ్చిన రోజున వీడియో తీసేయకండి. క్లెయిమ్ చేసిన కంపెనీకి క్షమాపణలు రాయకండి. కోపంలో 'డిస్ప్యూట్' (అభ్యంతరం) మీట కూడా నొక్కకండి. ఈ మూడు పనులూ వేర్వేరు సందర్భాల్లో నేను చేశాను, మూడుసార్లూ నష్టపోయాను. ముందు ఒక గ్లాసు టీ తాగి, ఆ మెయిలును మొదటి అక్షరం నుంచి చివరిదాకా చదవండి.

విజయనగరం గంటస్తంభం దగ్గర నాకొక చిన్న వీడియో మిక్సింగ్ గది ఉంది. ముహూర్తాల రోజుల్లో పెళ్ళిళ్ళు, పండగ రోజుల్లో గ్రామదేవతల సంబరాలు, మిగతా రోజుల్లో జానపద బృందాల పాటలు. రొమ్ము మీద తప్పెట కట్టుకుని ఆడే తప్పెటగుళ్ళు, జముకుల కథ, గిరిజనుల ధింసా... ఇటు భోగాపురం నుంచి అటు సీతంపేట కొండల దాకా తిరిగి తీశాను. న్యాయవాదిని కాను. తగిలిన దెబ్బల పుణ్యాన కాపీరైట్ చట్టం చదువుకున్నవాణ్ణి. ఛానెల్ నడిపే కళాకారులకూ, నాలాంటి స్టూడియోల వాళ్ళకూ అవసరమైన మేరకే ఇక్కడ రాస్తున్నాను. వ్యవహారం కోర్టు గుమ్మం దాకా వెళ్తే వకీలు తప్పనిసరి.

కిందటి ఏడాది నెల్లిమర్ల వైపు నుంచి ఒక తప్పెటగుళ్ళ గురువుగారు ఫోను పట్టుకుని మా గదికి వచ్చారు. డెబ్భై ఏళ్ళ మనిషి. ఆయన బృందం ఊరి పండగలో ఆడిన ఆటను నేనే తీశాను. మనవడు దాన్ని తమ ఛానెల్‌లో పెట్టాడు. ఎనిమిది నెలల తర్వాత ఒక మ్యూజిక్ కంపెనీ పేరుతో క్లెయిమ్ వచ్చింది. అదే పాత వరసకు కంప్యూటర్ దరువు కలిపి వాళ్ళు ఒక రీమిక్స్ విడుదల చేసుకున్నారు. యంత్రం రెండింటినీ పోల్చి, ఈయన పాట వాళ్ళదని తేల్చేసింది.

"బాబూ, ఈ పాట మా తాత పాడగా విన్నాను. ఆయన ఎవరి దగ్గర విన్నాడో ఆయనకే తెలియదు. ఇప్పుడు మా తాత వాళ్ళ పాట కాజేశాడంటారా?" అన్నారు.

నాకు నవ్వు వచ్చింది. ఆయన మాత్రం నవ్వలేదు. ఆయన సంగతినే ఉదాహరణగా పెట్టుకుని ఒక్కో మెట్టూ చెబుతాను.

మొదటి మెట్టు: వచ్చింది క్లెయిమా, స్ట్రైకా?

రెండూ ఒకటే అనుకుని బెంబేలెత్తేవాళ్ళు చాలామంది. క్లెయిమ్ అంటే కంటెంట్ ఐడీ అనే యంత్రం పట్టుకున్న పోలిక. యూట్యూబ్ దీన్ని 2007లో మొదలుపెట్టింది. పెద్ద హక్కుదారులు తమ పాటలను అందులో దాఖలు చేస్తారు. మీరు ఎక్కించే ప్రతి వీడియోనూ యంత్రం వాటితో సరిపోల్చి చూస్తుంది. పోలిక దొరికితే, చాలాసార్లు మనిషన్నవాడు ఎవడూ వినకుండానే క్లెయిమ్ పడిపోతుంది. దాని ఫలితం మూడు రకాలు: ప్రకటనల డబ్బు వాళ్ళకు పోతుంది, లేదా ఎంతమంది చూశారో వాళ్ళు లెక్కపెట్టుకుంటారు, లేదా వీడియో కొన్ని దేశాల్లోనో అన్నిచోట్లానో కనబడకుండా పోతుంది. మామూలుగా ఛానెల్‌కు మచ్చ రాదు.

స్ట్రైక్ అలా కాదు. హక్కుదారు చట్టప్రకారం తొలగింపు అభ్యర్థన పంపాడు, యూట్యూబ్ వీడియో తీసేసింది అని అర్థం. మొదటి స్ట్రైక్‌కు కాపీరైట్ పాఠం ఒకటి చూపించి ప్రశ్నలు అడుగుతారు. 90 రోజులకు అది చెల్లిపోతుంది. ఆ 90 రోజుల్లో మూడు పడితే ఛానెల్ మొత్తం పోతుంది, ఏళ్ళ తరబడి పెట్టిన వీడియోలన్నీ దానితోపాటే. స్ట్రైక్ పడ్డాక వీడియో చెరిపేస్తే స్ట్రైక్ కూడా పోతుందనుకోవడం భ్రమ.

యూట్యూబ్ స్టూడియోలో (ఛానెల్ నడుపుకునే పేజీ అది) వీడియోల పట్టిక తెరిచి, కాపీరైట్ అని ఉన్నచోట వివరాలు నొక్కండి. క్లెయిమ్ చేసింది ఎవరు, ఏ నిమిషం నుంచి ఏ నిమిషం దాకా, కలిసింది రికార్డింగా లేక వరసా అనేవి రాసుకోండి. తెర బొమ్మ (స్క్రీన్‌షాట్) తీసి దాచండి. గురువుగారి వీడియోలో కలిసింది వరస మాత్రమే. కేసు మొత్తం తిరిగింది ఆ ఒక్క మాట మీదే.

తేదీ కూడా చూడండి. క్లెయిమ్ పడిన 5 రోజుల్లోపు అభ్యంతరం చెబితే, మొదటి రోజు నుంచి వచ్చిన ప్రకటనల డబ్బు ఎవరికీ ఇవ్వకుండా పక్కన ఉంచుతారు. 5 రోజులు దాటితే, అభ్యంతరం చెప్పిన రోజు నుంచే ఆ లెక్క మొదలవుతుంది. కాబట్టి టీ తాగమన్నాను గానీ వారం రోజులు పడుకోమనలేదు.

రెండో మెట్టు: పాటను విప్పి చూడండి

ఇక్కడ తొందరపడితే మిగతా మెట్లన్నీ వృథా.

మనం పాట అని ఒక్క మాటలో అంటాం. పొందూరు ఖద్దరులో పడుగు వేరు, పేక వేరు అయినట్టు, 1957 కాపీరైట్ చట్టం దృష్టిలో పాటలో మాటలు వేరు, వరస వేరు, రికార్డింగు వేరు, పాడి ఆడినవాళ్ళ ప్రదర్శన వేరు. వీడియో అయితే దృశ్యం ఇంకొకటి. ఒక్కోదానికి ఒక్కో యజమాని ఉండవచ్చు, ఒక్కో గడువు ఉంటుంది. క్లెయిమ్ చేసినవాడు వీటిలో దేనికి యజమాని అన్నదే మీరు తేల్చుకోవలసిన ప్రశ్న.

మాటలకూ వరసకూ గడువు: రచయిత, స్వరకర్త జీవితకాలం, ఆ పైన 60 ఏళ్ళు. ఆ 60 ఏళ్ళను చనిపోయిన సంవత్సరం తర్వాత వచ్చే జనవరి 1 నుంచి లెక్కపెడతారు. మన ప్రాంతపు పేర్లతోనే చూద్దాం. గురజాడ అప్పారావు 1915లో పోయారు. ఆయన గేయాలను మీరు పాడుకోవచ్చు, బాణీ కట్టుకోవచ్చు, అమ్ముకోవచ్చు. హరికథా పితామహుడు ఆదిభట్ల నారాయణదాసు 1945లో పోయారు. ఆయన రచనల మీద హక్కు 2005 డిసెంబరు 31తో తీరిపోయింది. విప్లవ కవి సుబ్బారావు పాణిగ్రాహి 1969లో చనిపోయారు. ఆయన రాసినవాటికి 2029 చివరిదాకా రక్షణ ఉంది. ప్రజా గాయకుడు వంగపండు ప్రసాదరావు 2020లో పోయారు కనుక ఆయన పాటలకు 2080 చివరిదాకా.

చివరి రెండు పేర్లూ కావాలనే రాశాను. ఉత్తరాంధ్రలో వాళ్ళ పాటలు ఊరూరా నాటుకుపోయి, ఎవరు రాశారో తెలియని పిల్లలు వాటిని జానపదాలని చెప్పి ఎక్కిస్తుంటారు. జనం నోట ఉన్నదల్లా జానపదం కాదు. రాసిన మనిషి పేరు తెలిస్తే ఆ పాటకు యజమాని ఉన్నట్టే. ఆయనో, ఆయన వారసులో, వాళ్ళ దగ్గర హక్కు రాయించుకున్న కంపెనీయో.

ఎవరు కట్టారో ఎవరికీ తెలియని, తరాల నుంచి నోటి మాటగా వచ్చిన పాట సంగతి వేరు. దాని మాటల మీదా వరస మీదా ఏ కంపెనీకీ కాపీరైట్ ఉండదు. ఎవరైనా దానికి కొత్త చరణం చేరిస్తే ఆ చరణం వాళ్ళది. వాద్యాల కూర్పు సొంతంగా చేస్తే ఆ కూర్పు వాళ్ళది. వాళ్ళు రికార్డు చేసిన ధ్వని వాళ్ళది. కింద ఉన్న పాత వరస మాత్రం ఎప్పటిలాగే అందరిదీ. పాతదానికి ఏదో కాస్త తగిలించినంత మాత్రాన కొత్త హక్కు పుట్టదని, కొంతైనా సృజన కనబడాలని సుప్రీంకోర్టు 2007లో ఈస్టర్న్ బుక్ కంపెనీ కేసులో చెప్పింది. అది తీర్పుల ప్రచురణకు సంబంధించిన వివాదమే అయినా, ఆ సూత్రం పాటకూ పనికొస్తుంది.

రికార్డింగుకు గడువు విడుదలైన ఏడాది తర్వాతి జనవరి నుంచి 60 ఏళ్ళు. సినిమాకూ అంతే. ఇక్కడొక గొయ్యి ఉంది, చాలామంది పడతారు. 1955లో విడుదలైన రికార్డు 2015 చివరితో విముక్తమైంది, అంతవరకూ నిజమే. కానీ ఆ పాటకు వరస కట్టింది ఘంటసాల అనుకోండి. మన విజయనగరం సంగీత కళాశాలలో చదువుకున్న ఆయన 1974లో పోయారు. అంటే రికార్డు మీద హక్కు తీరిపోయినా వరస మీద హక్కు 2034 చివరిదాకా నడుస్తూనే ఉంటుంది. మాటలు రాసిన కవి ఇంకా ఆలస్యంగా పోయి ఉంటే, అది ఇంకా ముందుకు.

పాడినవాళ్ళకూ, వాయించినవాళ్ళకూ, ఆడినవాళ్ళకూ ప్రదర్శకుల హక్కు అని ఒకటుంది, 50 ఏళ్ళు. వాళ్ళ అనుమతి లేకుండా రికార్డు చేయడం, దాన్ని జనానికి చేరవేయడం ఆ హక్కుకు భంగమే. ఊరి పండగలో అందరూ ఫోన్లు ఎత్తి తీస్తున్నారు కదా అంటే కుదరదు. మీరు తీసి ఛానెల్‌లో పెట్టి సంపాదిస్తుంటే గురువుగారు మిమ్మల్ని నిలదీయవచ్చు.

ఇక వీడియో ఎవరిది? నాలాంటివాళ్ళకు ఇది చేదు నిజం. డబ్బు తీసుకుని ఎవరి కోసమైనా వీడియోగానీ ఫోటోగానీ తీస్తే, వేరే ఒప్పందం లేనప్పుడు, మొదటి హక్కుదారు తీయించుకున్నవాళ్ళే. చట్టంలో 17వ సెక్షన్. గురువుగారు నాకు కూలి ఇచ్చారు. కాగితం ఏదీ రాసుకోలేదు. కాబట్టి ఆ వీడియో ఆయనది, కెమెరా మాత్రమే నాది. పెళ్ళివారి వీడియోను వాళ్ళను అడగకుండా సొంత ప్రచారానికి పెట్టుకునే స్టూడియోల మిత్రులు ఈ వాక్యాన్ని రెండుసార్లు చదవాలి.

పొరలు విప్పాక గురువుగారి లెక్క ఇలా తేలింది: మాటలు పాతవి, వరస పాతది, రికార్డింగు ఆయనది, ప్రదర్శన బృందానిది. రీమిక్స్ నుంచి ఒక్క క్షణం ధ్వని కూడా మా వీడియోలో లేదు.

తేలితే చాలదు, చూపాలి. "మా తాత పాడాడు" అనేది యంత్రానికి వినబడదు. పాత రికార్డింగులు, జానపద గేయాల సంకలనాలు, విశ్వవిద్యాలయాల పరిశోధన గ్రంథాలు, రేడియోలో పాడిన వివరాలు, ఏవి దొరికితే అవి సేకరించండి. గురువుగారి మనవడు అటక మీద వెతికి ఒక క్యాసెట్టు తెచ్చాడు. అట్ట మీద నీలం సిరాతో ఊరి పేరు, 1994 అని. టేపు అంచులు బూజు పట్టి ఉన్నాయి. పెన్సిలు దూర్చి చుట్టను నెమ్మదిగా తిప్పి, పాత టేపు రికార్డరులో పెడితే ముందు కుక్కల అరుపులు, తర్వాత గజ్జెలు, ఆ వెనక గురువుగారి గొంతు, ముప్ఫై ఏళ్ళ కిందటిది. ఆయన చేయి రొమ్ము దగ్గరకు వెళ్ళి, లేని తప్పెట మీద వేళ్ళు ఆడాయి. చేతిరాత తేదీ తిరుగులేని సాక్ష్యమని చెప్పను. రీమిక్స్ మొన్న మొన్నటిది కావడంతో అది మాకు చాలింది.

మూడో మెట్టు: నిలబడే కారణం ఏది, నిలబడనిది ఏది

నిలబడనివి ముందు. "పది సెకన్లే వాడాను": చట్టంలో అలాంటి సెకన్ల లెక్క ఎక్కడా లేదు. "పాట ఎవరిదో కింద రాశాను": పేరు రాయడం మర్యాద, అది అనుమతి కాదు. "డబ్బు సంపాదించడం లేదు": అంతమాత్రాన తప్పు ఒప్పు కాదు. "కవర్ పాట పాడాను, అది నా గొంతు": గొంతు మీదే, మాటలూ వరసా వేరేవాళ్ళవి. కవర్లకు 31సీ సెక్షన్ కింద ఒక దారి ఉన్నా, అసలు రికార్డు వచ్చిన ఏడాది ముగిశాక అయిదేళ్ళు దాటాలి, ముందుగా నోటీసు ఇవ్వాలి, ఏడాదికి కనీసం 50 వేల ప్రతుల రాయల్టీ చెల్లించాలి. చిన్న ఛానెల్‌కు అది గుర్రం కంటే జీను బరువు.

నిలబడేవి 52వ సెక్షన్‌లో ఉన్నాయి. సొంత అవసరానికీ పరిశోధనకూ వాడుకోవడం, విమర్శ లేదా సమీక్ష, వర్తమాన సంఘటనల వార్తలు. మీరు ఒక పాట గురించి మాట్లాడుతూ, ఆ మాటకు అవసరమైనంత ముక్క వినిపిస్తే వాదించుకోవచ్చు. పాట మొత్తం పెట్టి చివర "అద్భుతం" అంటే అది సమీక్ష కాదు.

సంబరాల వీడియోల్లో ఎప్పుడూ వచ్చే చిక్కు ఒకటి. సిరిమాను తిరుగుతుంటే ఎక్కడో మైకులో సినిమా పాట మోగుతుంది. అది మన చేతిలో లేదు కదా అంటాం. వెనక అనుకోకుండా కనబడేవాటికి చట్టంలో మినహాయింపు ఉన్న మాట నిజమే గానీ, అది చిత్రాలు, శిల్పాల వంటి కళాకృతులకు. సంగీతానికి కాదు. చాలా స్వల్పమైన వాడకాన్ని పట్టించుకోనక్కరలేదని ఢిల్లీ హైకోర్టు 2012లో ఒక టీవీ ఛానెల్ కేసులో అంది. దాన్ని చూపి వాదించవచ్చు, కానీ దాని మీద ఛానెల్‌ను పణం పెట్టను. నేను చేసే పని: అలాంటి చోట మైకు పాటను తగ్గించి, డప్పులు విడిగా రికార్డు చేసుకున్నది కలుపుతాను. సంబరానికి వెళ్ళేటప్పుడు చిన్న రికార్డరు ఒకటి డప్పుల దగ్గరగా పట్టుకునే కుర్రవాణ్ణి పెట్టుకోండి.

పెళ్ళిళ్ళ గురించి ప్రత్యేకంగా చెప్పాలి, ఎందుకంటే నాకు మొదటి స్ట్రైక్ తగిలింది అక్కడే. మతపరమైన వేడుకల్లో, పెళ్ళి ఊరేగింపుతో సహా పెళ్ళికి సంబంధించిన వేడుకల్లో, పాట వినిపించడం ఉల్లంఘన కాదని 52వ సెక్షన్ చెబుతుంది. 2023 జులైలో కేంద్ర ప్రభుత్వం కూడా ఒక ప్రకటనలో దీన్ని గుర్తుచేసింది. మండపంలో పాట మోగించినందుకు లైసెన్సు అడిగితే ఆ సెక్షన్ చూపండి. కానీ ఆ రక్షణ మండపం గుమ్మం దగ్గర ఆగిపోతుంది. అదే పాటను వీడియో కింద పరిచి యూట్యూబ్‌లో పెడితే అది వేరే పని, దానికి ఈ మినహాయింపు లేదు. పెళ్ళివారు మూడు సినిమా పాటలు కావాలంటే పెన్ డ్రైవులోనే ఇస్తాను. ఛానెల్‌లో పెట్టే ముక్కకు యూట్యూబ్ ఆడియో లైబ్రరీలోని సంగీతమో, మా ఊరి సన్నాయి మేళం దగ్గర కాగితం రాయించుకుని రికార్డు చేసిందో వాడతాను. రెండోది ఎంత బాగుంటుందో చెప్పలేను.

విప్పి చూసుకున్నాక తప్పు మీదేనని తేలితే వాదన వద్దు. యూట్యూబ్ స్టూడియోలోనే ఆ భాగాన్ని కత్తిరించడానికీ, పాటను మూగబెట్టడానికీ, వేరే సంగీతం పెట్టడానికీ సదుపాయం ఉంది. క్లెయిమ్ తొలగిపోతుంది.

నాలుగో మెట్టు: అభ్యంతరం రాయడం

ఒప్పు మీదయితే రాయండి. ఫారంలో కారణం ఎంచుకోమంటుంది: సొంత సృష్టి, లైసెన్సు, న్యాయమైన వాడకం, పబ్లిక్ డొమైన్ (ఎవరి హక్కూ లేనిది). గురువుగారికి చివరిది ఎంచుకున్నాం. గోడు వెళ్ళబోసుకోవడానికి ఇది చోటు కాదు. మేము రాసింది దాదాపు ఇలా ఉంది:

"ఈ వీడియోలోని పాట రచయిత తెలియని సంప్రదాయ తప్పెటగుళ్ళ పాట. మాటలకుగానీ వరసకుగానీ కాపీరైట్ లేదు. వీడియోలోని ధ్వని ఫలానా తేదీన ఫలానా గ్రామంలో మా బృందం పాడగా మేమే రికార్డు చేయించుకున్నది. క్లెయిమ్ చేసినవారి రికార్డింగులోని ఏ భాగమూ ఇందులో లేదు. ఇదే వరసలో మా బృందం పాడిన 1994 నాటి రికార్డింగు మా దగ్గర ఉంది. వారి హక్కు వారి సొంత కూర్పుకూ రికార్డింగుకూ పరిమితం. సంప్రదాయ వరసకు వర్తించదు."

ఏడు వాక్యాలు. ఒక్కో వాక్యం ఒక్కో పొరకు జవాబు. దీన్ని ఇంగ్లీషులోకి మార్పించి పెట్టడం మంచిది. అవతల చదివేవాళ్ళు ఎక్కడివాళ్ళో మనకు తెలియదు.

ఇక్కడి నుంచి క్లెయిమ్ చేసినవారికి 30 రోజుల గడువు. వాళ్ళు వదిలేయవచ్చు, కాదనవచ్చు, తొలగింపు అభ్యర్థన పంపి స్ట్రైక్ వేయించవచ్చు, లేదా ఏమీ చేయకపోవచ్చు. ఏమీ చేయకపోతే 30 రోజులకు క్లెయిమ్ దానంతటదే రాలిపోతుంది. కాదంటే మీరు అప్పీలు చేయవచ్చు; అప్పుడు వాళ్ళకు 7 రోజులే. అప్పీలు తర్వాత కూడా పట్టు విడవనివాళ్ళు వీడియో తీయించాల్సిందే, అంటే స్ట్రైక్. అందుకే అప్పీలు మీట నొక్కే ముందు రెండో మెట్టుకు వెళ్ళి లెక్క మళ్ళీ సరిచూసుకోండి.

మా కేసులో ఆ కంపెనీ పలకలేదు. ముప్ఫైయో రోజు దాటాక క్లెయిమ్ పోయింది. ఆపి ఉంచిన డబ్బు చేతికొచ్చింది. బృందం మొత్తానికి ఒక పూట భోజనానికి సరిపోయేంత.

అయిదో మెట్టు: స్ట్రైక్ పడితే

దారులు మూడు. 90 రోజులు ఓర్చుకోవడం. తొలగింపు కోరినవారికి రాసి, అభ్యర్థన వెనక్కి తీసుకోమని అడగడం. మర్యాదగా, కాగితాలు జతచేసి అడిగితే ఇది చాలాసార్లు పనిచేస్తుంది. మూడోది కౌంటర్ నోటిఫికేషన్, అంటే తొలగింపుకు ఎదురు జవాబు.

కౌంటర్ నోటిఫికేషన్ అమెరికా చట్టం కింద నడుస్తుంది. 1998లో అక్కడ వచ్చిన డిజిటల్ కాపీరైట్ చట్టం యూట్యూబ్ లాంటి వేదికలకు ఒక కవచం ఇచ్చింది: ఫిర్యాదు రాగానే తీసేయండి, ఎదురు జవాబు వస్తే మళ్ళీ పెట్టండి, అప్పుడు మీ మీద బాధ్యత ఉండదు అని. మన దేశంలో 2000 నాటి ఐటీ చట్టం 79వ సెక్షన్ కూడా ఇలాంటి కవచమే. యూట్యూబ్ ముందు తీసేసి తర్వాత ఆలోచించడానికి కారణం దానికి మీ మీద పగ ఉండటం కాదు. తన కవచం ఊడకుండా చూసుకోవడం.

ఆ నోటిఫికేషన్‌లో మీ అసలు పేరు, చిరునామా ఇవ్వాలి. అవి అవతలివారికి చేరతాయి. అబద్ధం చెబితే శిక్షకు సిద్ధమని, అమెరికా కోర్టు పరిధికి ఒప్పుకుంటున్నానని రాయాలి. తర్వాత అవతలివారికి అమెరికా పనిదినాల లెక్కన 10 రోజులు. ఆ లోపు దావా వేసినట్టు చూపకపోతే వీడియో తిరిగి వస్తుంది. కాగితాలు బలంగా ఉంటేనే ఇది చేయండి. పౌరుషం కోసం వద్దు.

మన చట్టంలో 60వ సెక్షన్ ఒకటుంది, దాన్ని పెద్దగా ఎవరూ వాడరు. హక్కు లేకుండా కాపీరైట్ పేరుతో దావా వేస్తామని బెదిరించేవాళ్ళ మీద మీరే కోర్టుకు వెళ్ళి, ఉల్లంఘన లేదని ప్రకటింపజేయవచ్చు, బెదిరింపు ఆపించవచ్చు, నష్టపరిహారం అడగవచ్చు. వకీలు ఫీజు భయపెడితే జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్ళండి. మహిళలకూ ఎస్సీ, ఎస్టీలకూ ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది. ధింసా బృందాల్లో దాదాపు అందరూ దీనికి అర్హులే.

ఒక మాట నా కడుపుమంటగా అనుకోండి. కంటెంట్ ఐడీలో పాటలు దాఖలు చేసే వీలు పెద్ద ఎత్తున హక్కులున్నవాళ్ళకే ఇస్తారు. అందరిదీ అయిన పాటను అందులో నమోదు చేసేవారు ఎవరూ ఉండరు, ఎందుకంటే అది ఎవరిదీ కాదు. అందువల్ల ఎవరు ముందు రీమిక్స్ చేసి దాఖలు చేస్తే యంత్రానికి వాళ్ళే యజమానిలా కనబడతారు. ఈ రెండు జిల్లాల జానపద పాటలను పాత రికార్డింగులతో సహా తేదీలు వేసి బహిరంగంగా భద్రపరిచే పని ఏ విశ్వవిద్యాలయమో చేపడితే, ఇలాంటి తగాదాల్లో చూపడానికి ఒక ఆధారం ఉంటుంది. అంతవరకూ అటక మీద క్యాసెట్లను పారేయకండి.

ఆరో మెట్టు: వచ్చేసారి రికార్డింగుకు ముందే కాగితం

ముందుగా చూసుకోవలసినవి రెండు: రాతలో ఉండాలి, సంతకం ఉండాలి. నేను వాడే కాగితం ఇది.

"మేము, ఫలానా బృందం సభ్యులం, ఫలానా తేదీన ఫలానా గ్రామంలో పాడి ఆడిన ఈ కింది పాటలను రికార్డు చేయడానికీ, ఫలానా ఛానెల్‌లో ప్రసారం చేయడానికీ సమ్మతిస్తున్నాము. ఈ సమ్మతి అయిదేళ్ళు, అన్ని దేశాలకూ వర్తిస్తుంది. ఛానెల్ ఆదాయంలో బృందం వాటా సగం, మూడు నెలలకొకసారి లెక్క చూపాలి. రికార్డింగు యజమాని ఫలానా. వేరే కంపెనీకి ఇవ్వాలంటే బృందాన్ని మళ్ళీ అడగాలి."

కింద పాటల జాబితా, ఒక్కో పాట పక్కన 'సంప్రదాయం' అనో, రచయిత పేరో. అందరి సంతకాలు, రాయడం రానివాళ్ళ వేలిముద్ర, పక్కన సాక్షి సంతకం. కాగితాన్ని పైకి చదివి వినిపించండి. నేను ఒకసారి చదవకుండా సంతకాలు తీసుకోబోతే, గజ్జెలు విప్పుకుంటున్న ఒక కుర్రవాడు "ఏమి రాశారో చెప్పండన్నా" అన్నాడు. సిగ్గేసింది.

కంపెనీ ఏదైనా మీ ముందు కాగితం పెట్టి సంతకం అడిగితే 19వ సెక్షన్ గుర్తుంచుకోండి. గడువు రాయకపోతే హక్కు బదిలీ అయిదేళ్ళకే. ప్రాంతం రాయకపోతే భారతదేశానికే. తీసుకున్న హక్కును ఏడాదిలోగా వాడకపోతే, వేరే షరతు లేనప్పుడు, అది మీకు తిరిగి వస్తుంది. 2012 సవరణ తర్వాత, మాటలు రాసినవారూ వరస కట్టినవారూ హక్కులు రాసిచ్చినా, రాయల్టీలో సమాన వాటా అడిగే హక్కును పోగొట్టుకోరు.

సొంతంగా రాసి కట్టిన పాటలైతే నమోదు చేయించుకోండి. తప్పనిసరి కాదు, పాట పుట్టినప్పుడే హక్కు పుడుతుంది. కానీ నమోదు కాగితం కోర్టులో ప్రాథమిక సాక్ష్యం. కాపీరైట్ కార్యాలయం వెబ్‌సైటులో 14వ నంబరు ఫారం నింపాలి. సాహిత్యానికీ సంగీతానికీ రచనకు 500 రూపాయలు, సౌండ్ రికార్డింగుకు 2,000. దరఖాస్తుకు డైరీ నంబరు వస్తుంది. అభ్యంతరాల కోసం 30 రోజులు ఆగాక పరిశీలన మొదలవుతుంది.

ఏడో మెట్టు: మీ పాటనే వేరేవాళ్ళు ఎత్తుకుపోతే

ఇప్పుడు మీరు అవతలి పక్షం. యూట్యూబ్‌లో ఎవరైనా తొలగింపు అభ్యర్థన పంపవచ్చు, దానికి కంటెంట్ ఐడీ అక్కరలేదు. ఏడు రోజుల గడువిచ్చి, ఆ లోపు వాళ్ళంతట వాళ్ళే తీసేసుకునే అవకాశం ఇచ్చే పద్ధతి కూడా అందులో ఉంది. ఊళ్ళో కుర్రాళ్ళయితే ముందు అదే వాడండి, స్ట్రైక్ దాకా ఎందుకు?

వేరే వేదికల మీద, లేదా గట్టిగా వెళ్ళాలనుకుంటే, 2013 కాపీరైట్ నియమాల్లోని 75వ నియమం ఉంది. ఏ పాట, మీరే యజమాని అనడానికి ఆధారం ఏమిటి, అది సరిగ్గా ఏ లింకులో ఉంది, ఎక్కించింది ఎవరు అన్నవి రాతపూర్వకంగా వేదికకు పంపాలి. "నా పాటలన్నీ వాడుకుంటున్నారు" అని గుండుగుత్తగా రాస్తే పని జరగదు. నిర్దిష్టంగా తెలియజేస్తేనే వేదికకు బాధ్యత అని 2016లో మైస్పేస్ అనే వేదిక కేసులో ఢిల్లీ హైకోర్టు చెప్పింది. ఫిర్యాదు సబబుగా ఉంటే 36 గంటల్లో వేదిక దాన్ని ఆపాలి. ఆపేది 21 రోజులకే. ఆ లోపు దావా వేసి కోర్టు ఉత్తర్వు తెస్తానని ఫిర్యాదులోనే హామీ ఇవ్వాలి. దావాకు ముంబయి వెళ్ళనక్కరలేదు. మీరు నివసించే చోటి జిల్లా కోర్టులోనే వేయవచ్చని 62వ సెక్షన్ చెబుతుంది. ఉత్తర్వు రాకుండా 21 రోజులు గడిస్తే వేదిక ఆ వీడియోను మళ్ళీ తెరవవచ్చు. కాబట్టి వకీలుతో మాట్లాడుకున్నాకే, దావా కాగితాలు సిద్ధంగా పెట్టుకున్నాకే ఆ ఫిర్యాదు పంపండి.